అమీర్‌పేటలో ఎస్‌ఏపీ టేబుల్స్ క్లాసు: రిపోర్టులు చేసేవాళ్ళు వెళ్ళొచ్చా?

ఆఫీసులో ఎస్‌ఏపీ (కంపెనీ ఆర్డర్లు, స్టాకు, అకౌంట్సు నడిపే సాఫ్ట్‌వేర్) లోంచి డేటా తీసి రిపోర్టులు చేసే పని మీదైతే ఈ రివ్యూ మీకోసమే. నేను ఈమధ్యే అమీర్‌పేటలో ఒక వారాంతపు క్లాసు పూర్తి చేశాను. కన్సల్టెంటు ఉద్యోగం కోసం చేసే పెద్ద కోర్సు కాదది, ప్రోగ్రామింగ్ కోర్సూ కాదు. ఆర్డర్లు, డెలివరీలు, బిల్లులు, కొనుగోళ్ళు, అకౌంట్సు సిస్టమ్ లోపల ఏ టేబుల్స్‌లో (వరుసలు, కాలమ్స్ ఉన్న పట్టికల్లో) పడతాయి, ఆ టేబుల్స్ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయి, వాటిని కలిపినప్పుడు అంకెలు ఎక్కడ తప్పుతాయి, ఇంతవరకే నేర్పుతారు. నాకు కావాల్సింది సరిగ్గా అదే. కట్టిన డబ్బుకి తగిన క్లాసు. కొన్ని లోపాలున్నాయి, అవీ రాస్తాను.

ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం రాయడం లేదు. అమీర్‌పేట సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, బోర్డు అదే ఉన్నా చెప్పే సార్ మారితే క్లాసే మారిపోతుంది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఇలాంటి క్లాసులు చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. అందుకే లోపల ఏం చెప్పారో, ఎలా చెప్పారో వివరంగా రాస్తున్నాను. మీరు వెళ్ళే చోట ఇవి చెప్తున్నారా లేదా చూసుకుంటే చాలు.

నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో సేల్స్ ఎంఐఎస్, అంటే అమ్మకాల రిపోర్టులు, చూస్తాను. మాత్రలు, సిరప్‌లు, డిస్ట్రిబ్యూటర్లు, డిపోలు. పెండింగ్ ఆర్డర్లు, ఏ బ్యాచ్ ఎవరికి వెళ్ళింది, స్కీములూ రిటర్నులూ పోను నికర అమ్మకం ఎంత, ఈ మూడూ నెల మొదటి వారంలో నా నుంచే వెళ్ళాలి. ఐటీ వాళ్ళు చేసిచ్చిన రిపోర్టులు ఉన్నాయి. కానీ రీజనల్ మేనేజర్ ఒక్క కాలమ్ ఎక్కువ అడిగితే టికెట్ వేసి ఎదురు చూడాలి. ఈలోగా మనమే రెండు మూడు టేబుల్స్ ఎక్సెల్‌లోకి దించుకుని వీలుకప్ (ఒక టేబుల్లోని నంబరుతో ఇంకో టేబుల్లోంచి విలువ తెచ్చే ఫార్ములా) వేసుకుంటాం. ఆ వీలుకప్‌ల మధ్యే అంకెలు పాడవుతాయి. సేల్స్ వాళ్ళ దగ్గర ఒక అంకె, ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఇంకో అంకె ఉండి, మీటింగ్ అంతా ఏది నిజమో తేల్చడంతోనే గడిచిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అమీర్‌పేటలో టేబుల్స్ గురించి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. జిరాక్స్ షాపులో అడిగితే మాడ్యూల్‌వారీగా, అంటే సేల్స్, పర్చేజ్ లాంటి విభాగాలవారీగా లిస్టు ఇస్తారు. వీబీఏకే అంటే సేల్స్ ఆర్డర్ హెడర్, వీబీఏపీ అంటే ఆర్డర్‌లోని ఐటమ్స్, ఎక్కో అంటే పర్చేజ్ ఆర్డర్ హెడర్, ఎక్‌పో దాని ఐటమ్స్, మారా అంటే మెటీరియల్ మాస్టర్ (సరుకుల జాబితా), కేఎన్‌ఏ1 అంటే కస్టమర్ మాస్టర్ (కస్టమర్ల జాబితా). ఇంటర్వ్యూకి ఆ లిస్టు సరిపోతుంది. రిపోర్టుకి సరిపోదు. ఏ టేబుల్లో ఏముందో అది చెప్తుంది కానీ, రెండు టేబుల్స్ కలిపితే ఎన్ని వరుసలు వస్తాయో చెప్పదు.

ఈ సార్ మొదటి రోజు సిస్టమ్ తెరవనే లేదు. బోర్డు మీద ఒక ప్రశ్న రాశారు: "ఈ టేబుల్లో ఒక వరుస అంటే ఏమిటి?" ఆ తర్వాత అన్ని క్లాసుల్లోనూ కొత్త టేబుల్ వచ్చిన ప్రతిసారీ ముందు ఈ ప్రశ్నకే జవాబు చెప్పించారు. వీబీఏకేలో ఒక వరుస అంటే ఒక ఆర్డర్. వీబీఏపీలో ఒక వరుస అంటే ఒక ఆర్డర్‌లోని ఒక ఐటమ్. అర్థమవడానికి కిరాణా చీటీ గీసి చూపించారు. పైన పేరు, తేదీ ఒకసారే ఉంటాయి, కింద కందిపప్పు, నూనె, చింతపండు తలా ఒక లైను. పైనున్న మొత్తాన్ని తీసుకెళ్ళి కిందున్న ప్రతి లైను పక్కనా రాసి, ఆ కాలమ్ కూడితే ఏమవుతుంది? బెంచీల మీద అందరికీ ఆ దెబ్బతోనే విషయం ఎక్కింది. ఆర్డర్ మొత్తం విలువ హెడర్‌లో ఉంటుంది, ఐటమ్ విలువ ఐటమ్‌లో ఉంటుంది, ఫీల్డు పేరు రెండు చోట్లా నెట్‌వర్ అనే ఉంటుంది. హెడర్‌ది తీసుకొచ్చి ఐటమ్స్ పక్కన పెట్టి కూడితే, ఐదు ఐటమ్స్ ఉన్న ఆర్డర్ విలువ ఐదింతలవుతుంది.

అక్కడితో ఆగితే మామూలు క్లాసే అయ్యేది. తర్వాత షెడ్యూల్ లైన్లలోకి, అంటే వీబీఈపీ టేబుల్లోకి తీసుకెళ్ళారు. ఒక ఐటమ్‌లో 1,000 బాక్సులు, విలువ 2,40,000 రూపాయలు అనుకుందాం. డిస్ట్రిబ్యూటర్ అన్నీ 5వ తేదీకే అడిగాడు. సిస్టమ్ 5న 400, 12న 300, 20న 300 ఇవ్వగలనని కన్ఫర్మ్ చేసింది. ఇప్పుడు ఆ ఒక్క ఐటమ్‌కి వీబీఈపీలో మూడు వరుసలున్నాయి. వీబీఏపీని వీబీఈపీతో కలిపితే 2,40,000 మూడుసార్లు వస్తుంది, మొత్తం 7,20,000 అవుతుంది. అసలు చిక్కు ఏమిటంటే చాలా ఐటమ్స్‌కి ఒకటే షెడ్యూల్ లైను ఉంటుంది, కొన్నిటికి రెండుంటాయి, కొన్నిటికి మూడు. అంకె ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తప్పదు. సరుకు కొరత ఉన్న నెలలో ఎక్కువ తప్పుతుంది, స్టాకు బాగున్న నెలలో తక్కువ. ఒక నెల సరిచూసి "సరిగ్గానే ఉందే" అనుకున్న రిపోర్టు మరుసటి నెల ఎందుకు కలవదో నాకు ఆ రోజే అర్థమైంది.

క్లాసులో ఒకతను వెంటనే, ఎక్సెల్‌లో రిమూవ్ డూప్లికేట్స్ కొడితే పోతుంది కదా సార్ అన్నాడు. ఇది అందరికీ వచ్చే ఆలోచనే. సార్ దానికి చాలాసేపు కేటాయించారు, అది నాకు బాగా నచ్చింది. ఆ మూడు వరుసల్లో తేదీలు వేరు కాబట్టి అవి డూప్లికేట్లు కావు, కొట్టినా పోవు. తేదీ, షెడ్యూల్ పరిమాణం కాలమ్స్ తీసేసి కొడితే పోతాయి కానీ, అప్పుడు నిజమైన వరుసలూ పోయే ప్రమాదం ఉంది. అదే ఆర్డర్‌లో అదే మందుని అదే పరిమాణంలో రెండు ఐటమ్స్‌గా వేసి ఉంటే, ఐటమ్ నంబరు కాలమ్ లేనప్పుడు అవి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందులో ఒకటి ఎగిరిపోతుంది, నిజమైన అమ్మకం రిపోర్టులోంచి మాయమవుతుంది. సరైన పద్ధతి ఒకటే. షెడ్యూల్ లైన్లను ముందు ఐటమ్ స్థాయికి కూడుకుని, ఒక్కో ఐటమ్‌కి ఒక్కో వరుస చేసుకుని, అప్పుడు వీబీఏపీతో కలపాలి.

ఇంకో అలవాటు కూడా చేయించారు. కలపకముందు వరుసలెన్ని, విలువ మొత్తం ఎంత, కలిపాక వరుసలెన్ని, మొత్తం ఎంత, ఈ నాలుగు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాకే తర్వాతి టేబుల్‌కి వెళ్ళనిచ్చేవారు. వరుసలు పెరిగితే ఎందుకు పెరిగాయో, తగ్గితే ఎందుకు తగ్గాయో నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే ముందుకు వెళ్ళడం లేదు. ఇప్పుడు ఆఫీసులో నేను ప్రతి రిపోర్టుకీ ఒక షీటు పెట్టి ఈ నాలుగు అంకెలు అందులో ఉంచుతున్నాను. ఫైనాన్స్ వాళ్ళు అడిగితే అదే చూపిస్తాను.

డెలివరీల క్లాసు మందుల కంపెనీల వాళ్ళకి బంగారం. ఆర్డర్‌కీ డెలివరీకీ ముడి హెడర్‌లో ఉండదు, ఐటమ్‌లో ఉంటుంది. ఒక ఆర్డర్ నాలుగు డెలివరీలుగా వెళ్ళొచ్చు, రెండు ఆర్డర్లు కలిసి ఒకే డెలివరీగానూ వెళ్ళొచ్చు. అందుకే డెలివరీ ఐటమ్స్ టేబుల్, అంటే లిప్స్‌లో వీజీబెల్, వీజీపాస్ అనే రెండు ఫీల్డులుంటాయి. ఈ డెలివరీ లైను ఏ ఆర్డర్‌లోని ఏ ఐటమ్ నుంచి వచ్చిందో అవి చెప్తాయి. రెండూ కలిపి వాడాలి. ఆర్డర్ నంబరు ఒక్కటే పెట్టి కలిపితే, ఆర్డర్‌లోని ప్రతి ఐటమూ డెలివరీలోని ప్రతి లైనుతోనూ జతకట్టేస్తుంది.

ఇక బ్యాచ్‌లు. మా డిస్పాచ్‌లో ఒక ఐటమ్‌కి రెండు మూడు బ్యాచ్‌ల నుంచి సరుకు తీయడం రోజూ జరిగేదే. అప్పుడు లిప్స్‌లో అసలు లైను 10 అలాగే ఉండి, దాని కింద 900001, 900002 అని కొత్త లైన్లు పుడతాయి. బ్యాచ్ నంబర్లు, పరిమాణాలు వాటిలోకి వెళ్తాయి, అసలు లైనులో డెలివరీ పరిమాణం సున్నా అవుతుంది. ఈ కింది లైన్లు ఏ పై లైనుకి చెందినవో యూఈసీహెచ్‌ఏ అనే ఫీల్డు చెప్తుంది. 9 లక్షల నంబర్లు చూసి ఇవేవో సిస్టమ్ లైన్లనుకుని ఫిల్టర్ చేసి తీసేస్తే, వెళ్ళిపోయిన సరుకు కూడా పెండింగ్‌లోనే కనిపిస్తుంది. మా దగ్గర ఎప్పటినుంచో చేతులు మారుతూ వస్తున్న ఒక పెండింగ్ ఫైల్లో సరిగ్గా ఈ ఫిల్టరే ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. నేను క్లాసు నుంచి వచ్చాక ఆ ఫిల్టర్ తీసి, ఆర్డర్ ఐటమ్ స్థాయికి కూడి చూస్తే, డిపో వాళ్ళు "ఇది ఎప్పుడో పంపేశాం" అని వాదిస్తున్న లైన్లన్నీ పెండింగ్‌లోంచి వెళ్ళిపోయాయి. ఆ డిపో ఇన్‌చార్జ్ ఎన్ని నెలలుగా ఎంత టెన్షన్ పడి ఉంటాడో తల్చుకుంటే బాధేసింది.

ఎక్స్‌పైరీ తేదీ కోసం బ్యాచ్ మాస్టర్‌తో (బ్యాచ్‌ల వివరాలుండే టేబుల్‌తో) కలిపేటప్పుడు బ్యాచ్ నంబరు ఒక్కటే సరిపోదని కూడా గట్టిగా చెప్పారు. సెట్టింగుని బట్టి ఒకే బ్యాచ్ నంబరు రెండు వేర్వేరు మెటీరియల్స్‌కి ఉండొచ్చు. మెటీరియల్ నంబరు, బ్యాచ్ నంబరు రెండూ కలిస్తేనే కీ, అంటే ఒక్క వరుసని కచ్చితంగా గుర్తుపట్టే ఫీల్డుల జత. కొన్ని కంపెనీల్లో ప్లాంటు కూడా కావాలి. మందుల రీకాల్ (అమ్మిన సరుకుని వెనక్కి పిలిపించడం) వచ్చినప్పుడు ఏ బ్యాచ్ ఏ ఊరికి వెళ్ళిందో చెప్పాల్సిన రిపోర్టు ఇది. ఇందులో పొరపాటుంటే దాన్ని లెక్కల పొరపాటు అని సరిపెట్టుకోలేం.

బిల్లింగ్ దగ్గర నాకు ఉపయోగపడినవి రెండు. ఒకటి, బిల్లు ఐటమ్స్ టేబుల్ వీబీఆర్‌పీలో వెనక్కి చూపే జతలు రెండున్నాయి. డెలివరీ మీద చేసిన బిల్లయితే వీజీబెల్ డెలివరీని చూపిస్తుంది, ఆబెల్ ఆర్డర్‌ని చూపిస్తుంది. ఏది దేనికో తెలిస్తే ఏ డాక్యుమెంట్ తర్వాత ఏది వచ్చిందో చూపే డాక్యుమెంట్ ఫ్లో టేబుల్ వీబీఎఫ్‌ఏ జోలికి వెళ్ళకుండానే సగం రిపోర్టులు అయిపోతాయి. రెండు, క్రెడిట్ మెమోలు (కస్టమర్ లెక్కలోంచి తగ్గించే బిల్లులు), క్యాన్సిల్ చేసిన బిల్లుల విలువలు కూడా టేబుల్లో ప్లస్‌గానే ఉంటాయి. డాక్యుమెంట్ రకం చూసి మైనస్ గుర్తు మనమే పెట్టుకోవాలి. అది చేయకుండా కాలమ్ కూడితే రిటర్నులు ఎక్కువైన నెలలో అమ్మకాలు పెరిగినట్టు కనిపిస్తాయి. మా స్కీముల గురించి కూడా అడిగాను, పదికి ఒకటి ఫ్రీ లాంటివి. ఫ్రీ సరుకు విడిగా ఇంకో ఐటమ్‌గా పడుతుంది, విలువ సున్నా, పరిమాణం మాత్రం ఉంటుంది, దాని పై ఐటమ్ ఏదో యూఈపాస్ అనే ఫీల్డు చెప్తుంది. బాక్సుకి సగటు ధర తీసేటప్పుడు ఈ లైన్లను కలపాలా వద్దా అన్నది టేబుల్ చెప్పదు, అది మేనేజ్‌మెంట్‌ని అడిగి తేల్చుకోవాలి అన్నారు సార్. నిజాయితీ ఉన్న జవాబు.

కొనుగోళ్ళ మీద ఒక క్లాసే అయినా చాలా బాగా జరిగింది. పర్చేజ్ ఆర్డర్ ఐటమ్ వెనక జరిగిన చరిత్రంతా ఈకేబీఈ అనే ఒకే టేబుల్లో ఉంటుంది. సరుకు వచ్చిన వరుసలూ, సప్లయర్ బిల్లు వచ్చిన వరుసలూ అన్నీ కలిసే ఉంటాయి, ఏది ఏదో ఒక కోడ్ చెప్తుంది. సరుకు మూడుసార్లు వచ్చింది, బిల్లులు రెండు వచ్చాయి. సరుకు వరుసల్ని ఒక పక్క, బిల్లు వరుసల్ని ఇంకో పక్క తీసి ఆర్డర్ ఐటమ్ మీద కలిపితే ఐదు వరుసలు రావు, మూడు రెళ్ళు ఆరొస్తాయి. సరుకు లెక్క రెండింతలు, బిల్లు లెక్క మూడింతలు. ఈ ఉదాహరణని కాగితం మీద చేత్తో చేయించారు. ల్యాప్‌టాప్‌లు మూయించి, గళ్ళ కాగితం ఇచ్చి, ఒక్కో వరుసకీ గీత గీసి కలపమన్నారు. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు మొదట విసుక్కున్నారు. ఆరో గీత గీశాక ఎవరూ మాట్లాడలేదు.

మాస్టర్ టేబుల్స్‌లో కూడా ఇదే గొడవ. మెటీరియల్ వివరణ మాక్ట్ అనే టేబుల్లో ఉంటుంది, భాషకొక వరుస చొప్పున. ఎగుమతులున్న కంపెనీలో కొన్ని మందులకి ఇంకో భాషలో కూడా వివరణ ఉంటుంది. భాష ఫిల్టర్ పెట్టకపోతే సరిగ్గా ఆ మందుల అమ్మకాలే రెండింతలవుతాయి. కస్టమర్ సేల్స్ వివరాల టేబుల్ కేఎన్‌వీవీకి కస్టమర్ నంబరుతో పాటు సేల్స్ ఆర్గనైజేషన్, డిస్ట్రిబ్యూషన్ చానల్, డివిజన్ కూడా కీలో భాగం. ఒక డిస్ట్రిబ్యూటర్ మన రెండు డివిజన్ల మందులూ కొంటుంటే అతనికి రెండు వరుసలు. ఇలాంటివి ముందే తెలుసుకోవడానికి ఎస్‌ఈ11లో (టేబుల్ నిర్మాణం చూపే స్క్రీన్‌లో) టేబుల్ తెరిచి ఏయే ఫీల్డులకి కీ గుర్తు ఉందో చూడమన్నారు. కీ అంతా ఇచ్చి కలిపితే వరుసలు పెరగవు, కీలో ఒక్క భాగం వదిలేసినా పెరగొచ్చు. ఈ ఒక్క సూత్రం కోసం ఫీజు కట్టినా నష్టం లేదని నా అభిప్రాయం.

టూల్స్ సంగతి. స్క్రీన్ మీద ఫీల్డు దగ్గర ఎఫ్1 నొక్కి టెక్నికల్ సమాచారం చూస్తే టేబుల్ పేరు వస్తుందని అందరూ చెప్తారు. కానీ చాలాసార్లు అక్కడ కనిపించేది టేబుల్ కాదు, స్క్రీన్ కోసం వాడే స్ట్రక్చర్. ఆర్డర్ స్క్రీన్‌లో సోల్డ్ టు పార్టీ (ఆర్డర్ ఇచ్చిన కస్టమర్) దగ్గర నొక్కితే కేయూఏజీవీ అని వస్తుంది. దాని పేరుతో ఎస్‌ఈ16ఎన్‌లో (టేబుల్లోని డేటా చూసే స్క్రీన్‌లో) డేటా వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే స్ట్రక్చర్‌లో డేటా నిలవ ఉండదు. అలాంటప్పుడు ఎస్‌టీ05 ట్రేస్ (స్క్రీన్ వెనక జరిగేది నమోదు చేసే టూల్) పెట్టి ఏ టేబుల్ చదువుతోందో చూడొచ్చు. అయితే ఆ అనుమతి మామూలు యూజర్లకి చాలాచోట్ల ఇవ్వరు, ఐటీ వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఎస్‌క్యూవీఐ, అంటే టేబుల్స్ కలిపి రిపోర్టు చేసుకునే క్విక్‌వ్యూయర్, బాగా చేయించారు. రెండు టేబుల్స్ పెట్టగానే అదే కొన్ని గీతలు గీసి లింకులు సూచిస్తుంది. ఆ గీతల్ని అలాగే వదిలేయకూడదు, ప్రతిదాన్నీ చూసి అక్కర్లేనిది తీసేయాలి, కావాల్సింది గీయాలి. మామూలుగా అది ఇన్నర్ జాయిన్ చేస్తుంది, అంటే రెండు టేబుల్స్‌లోనూ జత దొరికిన వరుసలే ఉంచుతుంది, కాబట్టి డెలివరీ కాని ఆర్డర్లు రిపోర్టులోంచే జారిపోతాయి. పెండింగ్ రిపోర్టుకి కావాల్సినవే అవి. జత దొరకకపోయినా మొదటి టేబుల్ వరుసలన్నీ ఉంచే లెఫ్ట్ ఔటర్ జాయిన్‌కి మార్చుకోవాలి. ఇందులో చేసుకున్న రిపోర్టు మన యూజర్‌కి మాత్రమే కనిపిస్తుంది, టీమ్‌తో పంచుకోవాలంటే ఎస్‌క్యూ01 (పంచుకోగల రిపోర్టులు చేసే టూల్) వైపు వెళ్ళాలి.

లెఫ్ట్ జాయిన్ మీద ఇంకో సంగతి ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌లోంచి డేటా అడిగే భాషలో) చేయించి చూపించారు. లెఫ్ట్ జాయిన్ పెట్టాక, కుడి పక్క టేబుల్లోని ఫీల్డు మీద వేర్‌లో (వరుసల్ని వడకట్టే భాగంలో) షరతు పెడితే, జత దొరకని వరుసలు ఆ షరతు దగ్గర పడిపోతాయి. మళ్ళీ ఇన్నర్ జాయిన్ అయినట్టే. ఆ షరతు జాయిన్ దగ్గరే పెట్టాలి.

ఎక్సెల్‌కి దించుకునేవాళ్ళకి ఇంకొకటి. సిస్టమ్‌లో ఆర్డర్ నంబరు పది అక్షరాల పొడవు, ముందు సున్నాలతో నిలవ ఉంటుంది. స్క్రీన్ మీద ఆ సున్నాలు కనిపించవు, ఎక్సెల్ వాటిని తీసేస్తుంది. ఒక ఫైల్లో సున్నాలుండి ఇంకో ఫైల్లో లేకపోతే వీలుకప్ దొరకలేదంటుంది. దించుకునేటప్పుడే టెక్స్ట్‌గా దించుకుని, రెండు పక్కలా ఒకే పొడవు ఉండేలా చూసుకోమన్నారు.

ఇప్పుడు లోపాలు. అకౌంట్స్ భాగం హడావుడిగా ముగించారు. ముఖ్యమైనవి చెప్పారు, కాదనను. అకౌంటింగ్ డాక్యుమెంటుకి కంపెనీ కోడ్, డాక్యుమెంట్ నంబరు, ఆర్థిక సంవత్సరం మూడూ కలిస్తేనే కీ అని, మన దగ్గర ఏప్రిల్ నుంచి మార్చి కాబట్టి 2025 జనవరి బిల్లు 2024 ఆర్థిక సంవత్సరంలో ఉంటుందని, అందుకే క్యాలెండర్ సంవత్సరం పెట్టి వెతికితే దొరకదని చెప్పారు. మొత్తాలన్నీ ప్లస్‌లో ఉంటాయి, డెబిట్టా క్రెడిట్టా అన్నది ఎస్, హెచ్ అనే గుర్తు చెప్తుందనీ చెప్పారు. కానీ సేల్స్ బిల్లుని అకౌంటింగ్ డాక్యుమెంటుతో ముడిపెట్టే పద్ధతి, అంటే అకౌంటింగ్ డాక్యుమెంట్ల హెడర్ టేబుల్ బీకేపీఎఫ్‌లోని ఏడబ్ల్యూటైప్, ఏడబ్ల్యూకీ ఫీల్డులు, చివరి అరగంటలో నోటితో చెప్పేసి వదిలేశారు. సేల్స్ అంకె, ఫైనాన్స్ అంకె ఎందుకు కలవడం లేదో తేల్చాలంటే సరిగ్గా ఆ ముడే కావాలి. దానికి ఒక పూర్తి క్లాసు ఇవ్వాల్సింది.

పెద్ద లోపం ఇంకోటి. సిలబస్ అంతా ఈసీసీ, అంటే ఎస్‌ఏపీ పాత వెర్షన్ మీదే ఉంది. కొత్త వెర్షన్ ఎస్/4హానా 2015లో వచ్చింది, ఈసీసీ మామూలు సపోర్టు గడువు 2027 చివరి వరకే ఉంది, చాలా కంపెనీలు మారిపోయాయి, మిగిలినవి మారే పనిలో ఉన్నాయి. స్టాకు కదలికల ఎమ్‌సెగ్ స్థానంలో మ్యాట్‌డాక్ వచ్చింది, అకౌంట్సులో ఏకాడోకా వచ్చింది, ధరల కండిషన్లు కాన్వ్ నుంచి పీఆర్‌సీడీ ఎలిమెంట్స్‌కి వెళ్ళాయి, స్టేటస్ టేబుల్స్ వీబీయూకే, వీబీయూపీ పోయి ఆ ఫీల్డులు ఆర్డర్, డెలివరీ, బిల్లు టేబుల్స్‌లోకే వచ్చేశాయి. ఇవన్నీ ఒకే స్లైడులో చూపించి దాటేశారు. నేర్చుకున్న పద్ధతి కొత్తదానికీ పనికొస్తుంది, ఒక వరుస అంటే ఏమిటన్న ప్రశ్న ఏ టేబుల్‌నైనా అడగొచ్చు. అయినా డబ్బు కట్టిన విద్యార్థికి కొత్త టేబుల్స్ చేత్తో తెరిచి చూసే అవకాశం ఇవ్వాలి. ఇదే మాట చివరి రోజు సార్‌కి చెప్పాను. "అవునమ్మా, వచ్చే బ్యాచ్‌కి పెంచుతాను" అన్నారు. మీరు చేరేముందు అది జరిగిందో లేదో అడగండి.

ప్రాక్టీసు సిస్టమ్ నెమ్మదిగా ఉంటుంది, ఒకే యూజర్ ఐడీని నలుగురం పంచుకున్నాం. రికార్డింగులు ఇవ్వరు. ప్రింటు నోట్స్ లేవు, బోర్డు మీదది ఫోటోలు తీసుకోవాల్సిందే. గది చిన్నది, మూడో అంతస్తు, లిఫ్టు ఉంది కానీ ఆదివారం పని చేయలేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇది చూసుకోవాలి.

ఫీజు 8,000 రూపాయలు, రెండు విడతల్లో కట్టనిచ్చారు. శని, ఆదివారాలు పొద్దున్నే క్లాసు, మధ్యాహ్నం భోజనం వేళకి అయిపోతుంది. నేను మూసాపేట నుంచి మెట్రోలో వెళ్ళాను, అమీర్‌పేట స్టేషన్ నుంచి నడిచే దూరం. పాఠమంతా తెలుగులోనే, టేబుల్ పేర్లు తప్ప. ఇంగ్లిష్‌లో ప్రశ్న అడగడానికి మొహమాటపడే స్టోర్స్ సూపర్‌వైజర్లు, డిస్పాచ్ వాళ్ళు ఇక్కడ ధైర్యంగా అడిగారు. అసలైన ప్రశ్నలు వాళ్ళ దగ్గర నుంచే వచ్చాయి, ఎందుకంటే సరుకు నిజంగా ఎలా కదులుతుందో తెలిసింది వాళ్ళకే.

సర్టిఫికెట్ కోసం, ఉద్యోగం మారడం కోసం అయితే ఈ క్లాసు వద్దు. ఎస్‌క్యూఎల్ బాగా వచ్చి, జాయిన్లు రోజూ రాసేవాళ్ళకి మొదటి రెండు వారాలు తెలిసినవే అనిపిస్తాయి, కానీ డెలివరీ, బ్యాచ్ క్లాసులు వాళ్ళకీ కొత్తే. అకౌంట్స్ ఒక్కటే కావాల్సినవాళ్ళు ఇంకోచోట చూసుకోవడం మంచిది. సేల్స్, స్టోర్స్, పర్చేజ్ వైపు ఎంఐఎస్ చేసేవాళ్ళకి మాత్రం గట్టిగా చెప్తాను, వెళ్ళండి.

చాలా ఇన్‌స్టిట్యూట్‌లలో ముందు ఒక డెమో క్లాసు ఉచితంగా ఇస్తారు. అక్కడ కూర్చుని, మీ ఆఫీసులో రోజూ ఎదురయ్యే ఒక్క సందర్భం అడగండి: "ఒక ఆర్డర్ ఐటమ్, రెండు డెలివరీలు, మూడు బ్యాచ్‌లు, ఒక బిల్లు క్యాన్సిల్ అయ్యింది. అన్నీ కలిపితే ఎన్ని వరుసలొస్తాయి?" చెప్పే సార్ బోర్డు దగ్గరికి వెళ్ళి గీయడం మొదలుపెడితే చేరండి. టేబుల్ పేర్లు వల్లిస్తే లేచి రండి. ఇక్కడికే వెళ్ళేటట్టయితే ల్యాప్‌టాప్ తీసుకెళ్ళండి, ఛార్జింగ్ ప్లగ్గులు గోడ వైపు బెంచీలకే ఉన్నాయి కాబట్టి కాస్త ముందే వెళ్ళి కూర్చోండి.